కొలోన్‌లో పునాది తవ్వాలంటే ఎందుకంత ఆలస్యం?

జర్మనీలోని కొలోన్ నగరం నడిబొడ్డున ఏ బిల్డింగ్ కట్టాలన్నా ముందు పురావస్తు నిపుణులు దిగాలి. వాళ్లు తవ్వి, కొలిచి, రాసుకుని సరేనన్నాకే పునాది పని మొదలవుతుంది. కట్టేవాళ్లకు టెన్షనే మరి, కానీ ఆ ఊరి పుట్టుక తెలిస్తే ఇది ఎంత అవసరమో అర్థమవుతుంది.

ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన, రైన్ నది పడమటి ఒడ్డున రోమన్లు తమతో పొత్తున్న ఉబీ తెగకు చోటిచ్చారు. అవతలి ఒడ్డున రోమ్‌కు లొంగని తెగలు. క్రీ.శ. 15లో సేనాని జెర్మానికస్‌కు ఇక్కడే అగ్రిప్పీనా పుట్టింది. నీరో తల్లి ఈమే. క్లాడియస్ చక్రవర్తిని పెళ్లాడాక క్రీ.శ. 50లో తను పుట్టిన ఊరికి కొలోనియా, అంటే రోమన్ పౌరుల పట్టణం అనే హోదా ఇప్పించింది. తర్వాత అది దిగువ జెర్మానియా అనే రోమన్ రాష్ట్రానికి రాజధాని అయింది.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది దాని నీటి కాలువ. ఐఫెల్ కొండల నుంచి దాదాపు 95 కిలోమీటర్లు, మోటారూ పంపూ లేకుండా కేవలం నేల వాలు మీద నీళ్లు తెచ్చారు, చలికి గడ్డకట్టకుండా కాలువను చాలావరకు భూమిలోనే కట్టారు. ఆ నీళ్లలోని సున్నం గోడలకు పొరలు పొరలుగా పేరుకుపోతే, మధ్యయుగాల్లో జనం దాన్నే కోసి, నున్నగా సానబెట్టి, పాలరాయిలా చర్చి స్తంభాలకు వాడుకున్నారు!

5వ శతాబ్దంలో ఊరు రోమన్ల నుంచి ఫ్రాంకులనే జెర్మానిక్ తెగ చేతికి పోయినా జనం ఖాళీ చేయలేదు, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. జర్మనీలోనే ఉన్న జాంటెన్‌లో రోమన్ ఊరి మీద పెద్దగా ఇళ్లు లేవలేదు కాబట్టి తీరిగ్గా తవ్వుకున్నారు. కొలోన్‌లో మాత్రం పాతదాని మీదే కొత్తది కట్టుకుంటూ పోయారు, ఇప్పటికీ రద్దీగా ఉండే షాపింగ్ వీధి హోహె స్ట్రాసె రోమన్ల నాటి ప్రధాన వీధి దారిలోనే నడుస్తుంది.

అందుకే అక్కడ ఏ గొయ్యి తవ్వినా ఏదో ఒకటి తగులుతుంది. 1941లో బాంబుల నుంచి తలదాచుకోవడానికి కెథెడ్రల్ పక్కన బంకర్ తవ్వుతుంటే డయొనైసస్ మొజాయిక్, అంటే ద్రాక్షసారా దేవుడి బొమ్మను చిన్న చిన్న రాళ్లతో పేర్చిన నేల, బయటపడింది, 1974లో దాన్ని కదపకుండా దానిమీదే మ్యూజియం కట్టారు. 1953లో యుద్ధంలో దెబ్బతిన్న టౌన్‌హాల్‌ను మళ్లీ కడుతుంటే రోమన్ గవర్నర్ భవనం గోడలు కనిపించాయి. 2017లో ఒక చర్చి కమ్యూనిటీ సెంటర్ కోసం తవ్వితే 2వ శతాబ్దపు భవనం, దాని గోడల్లో చిన్న చిన్న గూళ్లు. విగ్రహాలకు సరిపోని ఆ గూళ్లు పుస్తకాల చుట్టలు పెట్టుకోవడానికని పోల్చుకోవడానికే నిపుణులకు చాలా కాలం పట్టింది. అక్కడ తొందరపడి కాంక్రీట్ పోసి ఉంటే జర్మనీలో దొరికిన అతి పాత లైబ్రరీ బేస్‌మెంట్ కింద కలిసిపోయేది.