డ్రిల్లింగ్ కంటే ముందున్న దశ

పంటికి పైపొరగా ఉండే ఎనామిల్ మన శరీరంలోకెల్లా గట్టి పదార్థం. దాని బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. అయితే దానిని తయారుచేసే కణాలు పన్ను చిగురును చీల్చుకుని బయటికి వచ్చేనాటికే నశిస్తాయి కాబట్టి, విరిగిన ఎముక అతుక్కున్నట్లుగా ఊడిన ఎనామిల్ తిరిగి పెరగదు.

పొర పెరగకపోయినా, అందులోని ఖనిజం మాత్రం రోజూ కొంత కరుగుతూ, కొంత తిరిగి చేరుతూ ఉంటుంది. మనం తిన్న చక్కెరను స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ వంటి బాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది. పంటి పాచిలో పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలమానం) సుమారు 5.5 కంటే దిగితే ఖనిజం కరగడం మొదలవుతుంది, తరువాత లాలాజలం ఆ ఆమ్లాన్ని తగ్గించి తనలోని కాల్షియం, ఫాస్ఫేట్‌లను పంటికి అందిస్తుంది. ఈ కోలుకునే వ్యవధి దొరకాలి కనుకనే, భోజనంతోపాటు తిన్న లడ్డూ కంటే రోజంతా కాస్తకాస్తగా తాగే తీపి టీ పళ్లకు ఎక్కువ చేటు. వ్యవధి చాలనప్పుడు మొదట సున్నపు రంగు మచ్చ ఏర్పడుతుంది. నొప్పి ఉండదు, కాబట్టి డాక్టరు దగ్గరికి ఎవరూ వెళ్లరు. పుచ్చును వెనక్కి మళ్లించగలిగేది మాత్రం అప్పుడే.

అందుకు తోడ్పడేది ఫ్లోరైడ్. ఇది ఎనామిల్‌లో చేరితే ఆమ్లానికి అంత సులువుగా కరగని స్ఫటికం ఏర్పడుతుంది. నల్గొండ, ప్రకాశం జిల్లాల వారికి ఈ మాట మింగుడుపడకపోవచ్చు. ఒంట్లోకి ఫ్లోరైడ్ అధికంగా చేరి పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ వ్యాధి నెల్లూరు ప్రాంతంలో ఉన్నదని 1937లోనే వైద్య నివేదిక వెలువడింది. తేడా మోతాదులోనూ, అది చేరే మార్గంలోనూ ఉంది: పళ్లు చిగుళ్ల లోపల రూపుదిద్దుకునే వయసులో తాగునీటి ద్వారా అధికంగా ఒంట్లోకి వెళ్లే ఫ్లోరైడ్ ఎనామిల్‌ను చెడగొడుతుంది, పేస్టులోనిది పంటి పైభాగాన పనిచేస్తుంది. పేస్టును ఉమ్మాలి తప్ప మింగకూడదు. ఉమ్మిన వెంటనే నీళ్లతో పుక్కిలించకపోతే ఫలితం ఇంకా మేలు.

గుంట పడ్డాక కూడా ప్రతిసారీ డ్రిల్లింగ్ తప్పదనుకోనక్కరలేదు. జపాన్‌లో దశాబ్దాలుగా వాడుతున్న సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ ద్రావణాన్ని పుచ్చు మీద పూస్తే, వెండి బాక్టీరియాను చంపుతుంది, ఫ్లోరైడ్ మిగిలిన భాగాన్ని గట్టిపరుస్తుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. పూసినచోట పుచ్చు నల్లబడుతుంది. ముందుపళ్లకైతే ఇది ఇబ్బందే, కానీ కుర్చీలో నిలకడగా కూర్చోని పసిపిల్లల పాలపళ్లకు ఇంతకంటే సులువైన చికిత్స అరుదు. పుచ్చు పంటి లోపల నరాలుండే గుజ్జు దాకా వెళ్లి, రాత్రిళ్లు నిద్రపట్టనంత నొప్పి వస్తుంటే మాత్రం ఈ మందు పనికిరాదు.

కొత్త పళ్లు మొలిపించే మందు వచ్చేసిందన్న వార్తలు కొంత తొందరపాటువే. పంటి ఎదుగుదలను ఆపే యూసాగ్-1 అనే ప్రొటీన్‌ను అడ్డుకునే యాంటీబాడీతో ఎలుకల్లోనూ, ముంగిసను పోలిన ఫెరెట్ అనే జంతువుల్లోనూ పళ్లు వచ్చిన మాట నిజమే. క్యోటో విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 2024లో మొదలైన మానవ ప్రయోగాల తొలి దశ ప్రధానంగా భద్రతను పరిశీలించడానికే; ఆ తరువాత పరిశోధకులు దృష్టి పెట్టదలచినది పుట్టుకతోనే కొన్ని పళ్లు లేని పిల్లలపైన.