బీకాం పిల్లలు అకౌంటెంట్ అవుతామని ఎందుకు అనరు?

బీకాం చదువుతున్న వాళ్లని ఏమవుతావని అడిగి చూడండి. కొందరు సీఏ, అంటే చార్టర్డ్ అకౌంటెంట్ అంటారు. మిగతావాళ్లు బ్యాంకు, గ్రూప్స్, ఎంబీఏ అంటారు. అకౌంటెంట్ అవుతానని చెప్పేవాళ్లు అరుదు. ఈ తరానికి ఓపిక లేదని లెక్చరర్లు విసుక్కుంటారు గానీ, ఈ వ్యవహారానికి బీజం 1949లోనే పడింది.

ఆ ఏడాది జులై 1న చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం అమల్లోకి వచ్చింది. దాని కింద ఏర్పడిన ఇన్‌స్టిట్యూటే పరీక్ష పెడుతుంది, సభ్యత్వం ఇస్తుంది. పని నేర్చుకునేది సీనియర్ ఆడిటర్ ఆఫీసులో, ఆర్టికల్‌షిప్ అనే శిక్షణలో. యూనివర్సిటీకి ఇందులో చోటు లేదు. ఎంబీబీఎస్ పాసైతే డాక్టర్ అంటారు, బీకాం పాసైతే ఆడిటర్ అనరు. దాంతో ఆ డిగ్రీ ఏ వృత్తికీ చెందని చదువుగా మిగిలింది.

కొన్నాళ్లు ఆ లోటు కనబడలేదు. 1969లో 14 బ్యాంకులను జాతీయం చేశాక ఊరూరా శాఖలు వెలిశాయి, కామర్స్ పట్టాకు గిరాకీ పెరిగింది. అయితే పిల్లలు కోరుకున్నది బ్యాంకు ఉద్యోగాన్ని, లెక్కల పనిని కాదు. తర్వాత ఇంజినీరింగ్ కాలేజీలు వచ్చాయి, 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ తోడైంది. ఇంటర్‌లో ఎంపీసీ రానివాళ్లకే సీఈసీ అన్న మాట ఇళ్లలో స్థిరపడిపోయింది. గుంటూరు లాంటి చోట్ల సీఏ కోచింగ్ ఊపందుకుని, ర్యాంకుల హోర్డింగులు వెలిశాక ఎంఈసీకి మర్యాద వచ్చింది. ఆ మర్యాద సీఏకే, అకౌంట్స్‌కి కాదు.

సీఏ దాకా వెళ్లడం ఎంత కష్టమో చూడండి. 2023 నవంబర్ ఫైనల్లో పేపర్ల రెండు గ్రూపులూ కలిపి రాసినవాళ్లలో పాసైంది 9.42 శాతం. 2024 మేలో అది 19.88 అయింది, అంటే అప్పటికీ ఐదుగురిలో ఒకరు. పరీక్ష ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ రాయాలి. జర్నల్‌ని చిట్టా, లెడ్జర్‌ని ఆవర్జా, ట్రయల్ బ్యాలెన్స్‌ని అంకణా అంటూ తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడికి మొదటి దెబ్బ అక్కడే. అతను అమీర్‌పేటలో టాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, ఎఫ్5 నొక్కితే పేమెంట్, ఎఫ్8 నొక్కితే సేల్స్ అని వోచర్లు ఎంట్రీ చేసే ఉద్యోగంలో చేరతాడు. చాలామంది దృష్టిలో అకౌంటెంట్ అంటే ఇతనే. జీతం చూసి తమ్ముళ్లు వేరే దారి వెతుక్కుంటారు.

సత్యం కంప్యూటర్స్ మోసం మన హైదరాబాద్‌లోనే జరిగింది కాబట్టి ఇంకాస్త గట్టిగా తగిలింది. 2009 జనవరి 7న లేని నగదు 5,040 కోట్లు చూపించామని కంపెనీ అధినేతే ఒప్పుకున్నారు. ఆడిటర్లు కూడా అరెస్టయ్యారు. సంతకం పెట్టే ఉద్యోగంలో జైలు భయమూ ఉంటుందని అప్పుడే చాలా ఇళ్లకు తెలిసింది.

ఇప్పుడు గాలి కొంత మారుతోంది. 2017లో జీఎస్టీ వచ్చి చిన్న షాపువాళ్లకూ రిటర్నుల పని పెట్టింది. 2023లో ఆర్టికల్‌షిప్‌ను మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించారు. మన సీఏ లాంటి అమెరికా సీపీఏ పరీక్షను 2020 నుంచి హైదరాబాద్‌లోనే రాయొచ్చు. హైటెక్ సిటీ ఆఫీసుల్లో అమెరికా వాళ్ల టాక్స్ రిటర్నులు తయారుచేసే బీకాం పిల్లలకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఊపిరాడదు. చేసేది అచ్చంగా అకౌంట్స్ పనే అయినా, పెళ్లి సంబంధాల బయోడేటాలో ‘ఎంఎన్‌సీ’ అని రాసుకుంటున్నారు.