పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్‌కు పాసింగ్ అంతంతమాత్రమైతే: అపోహలు - వాస్తవాలు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ శనివారం మ్యాచ్‌లో పరుగులో దిట్ట అయిన క్వార్టర్‌బ్యాక్ (బంతి మొదట అందుకుని పాస్ వేసే లేదా పరుగెత్తే ఆటగాడు) వరసగా రెండు పాస్‌లు నేలపాలు చేస్తే చాలు, "వీడితో లాభం లేదు" అంటారు. అదే కుర్రాడు మరుసటి డ్రైవ్‌లో (జట్టు చేతికి బంతి వచ్చిన దఫాలో) 60 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ (ఎదుటివాళ్ల చివరి గీత దాటించి చేసే స్కోరు) కొడితే "ఇక పాసింగ్ దేనికి" అంటారు. ఈ వాదన ఏటా వచ్చేదే. దీన్ని తేల్చాలంటే రెండు సంగతులు చూడాలి. అతను ఏ పాస్ వేయలేడు? ఆ పాస్‌నే అతని చేత వేయించే పరిస్థితి డిఫెన్స్ (ఆపే జట్టు) ఎప్పుడు తేగలదు?

అపోహ: కంప్లీషన్ శాతం (వేసిన పాస్‌లలో అందినవాటి శాతం) తక్కువైతే పాసర్ బలహీనుడే.

వాస్తవం: శాతం కన్నా ముందు ఒక్కో పాస్‌కు సగటున ఎన్ని గజాలొచ్చాయో చూడండి. 2019లో నేవీ (అమెరికా నౌకాదళ అకాడమీ జట్టు) క్వార్టర్‌బ్యాక్ మాల్కమ్ పెర్రీ 13 మ్యాచ్‌లలో కలిపి వేసినవి 86 పాస్‌లే. అందినవి 48, అంటే 56 శాతం. చూడ్డానికి నాసిరకంగానే ఉంది. కానీ ఆ 86 పాస్‌లకు వెయ్యికి పైగా గజాలొచ్చాయి, సగటు 12 దాటింది. మామూలు అఫెన్స్‌లో (బంతి చేతిలో ఉన్న జట్టు ఆటలో) 8 దాటితేనే మెచ్చుకుంటాం. అదే ఏడాది అతను 2,017 గజాలు పరుగెత్తాడు, జట్టు 11-2తో (11 గెలుపులు, 2 ఓటములు) ముగించింది.

నేవీలా ట్రిపుల్ ఆప్షన్ (డిఫెన్స్‌ను చూసి ముగ్గురిలో ఎవరు బంతితో పరుగెత్తాలో తేల్చుకునే ఆట) ఆడే జట్టు పాస్‌ను దాచుకుని వాడుతుంది. సేఫ్టీ (డిఫెన్స్‌లో అందరికన్నా వెనక కాసేవాడు) పరుగును ఆపే తొందరలో ముందుకొచ్చేసినప్పుడు అతని నెత్తి మీదుగా వేస్తుంది. అలాంటి పాస్ రెండింటిలో ఒకటి అందినా లాభమే. మరోపక్క లైన్ (ఆట మొదలయ్యే చోటి గీత) వెనకే పట్టే స్క్రీన్ పాస్‌లతో 68 శాతం చూపించేవాళ్లున్నారు. ఆ శాతం చూసి మోసపోవద్దు.

అపోహ: పరుగు ఆట బలంగా ఉంటే పాస్‌తో పనే లేదు.

వాస్తవం: ఇది తలల లెక్క. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్‌కు (బంతితో పరుగెత్తడమే పనిగా ఉన్నవాడికి) ఇచ్చి నిలబడిపోతే అడ్డుకోవడానికి మిగిలేది 9 మంది, అటువైపు 11 మంది. అతనే పరుగెత్తితే అడ్డుకునేవాళ్లలో ఒకరు పెరుగుతారు. జోన్ రీడ్‌లో ఇంకో ఉపాయం ఉంది. ఒక డిఫెన్సివ్ ఎండ్‌ను (డిఫెన్స్ ముందు వరస అంచున ఉండేవాణ్ని) ఎవరూ అడ్డుకోరు. అతను లోపలికి దూరితే క్వార్టర్‌బ్యాక్ బంతి ఉంచుకుని బయటికి పోతాడు, బయటే నిలబడితే బంతి బ్యాక్‌కు ఇచ్చేస్తాడు. అంటే ఆ ఎండ్‌ను తాకకుండానే ఆట నుంచి తప్పించేసినట్టు.

దీనికి డిఫెన్స్ జవాబు ఒక సేఫ్టీని కిందికి దించి బాక్స్‌లో (లైన్ దగ్గర పరుగును ఆపే చోట) 8 మందిని పెట్టడం. క్రికెట్‌లో ఫీల్డర్లందరినీ సర్కిల్ లోపలికి తెచ్చినట్టే: పైనుంచి కొట్టగలవాడికి అది వరం, కొట్టలేనివాడికి ఉచ్చు. వెనక ఒక్క సేఫ్టీ మిగులుతాడు, అంచుల్లోని కార్నర్‌బ్యాక్‌లు ఒంటరిగా రిసీవర్లను (పాస్ పట్టేవాళ్లను) కాయాలి. అప్పుడు పోస్ట్ రూట్ (గోల్ స్తంభాల వైపు లోపలికి తిరిగే పరుగుదారి) మీద గానీ సీమ్ (డిఫెండర్ల మధ్య నిలువు సందు) వెంట గానీ ఒక్క 40 గజాల పాస్ పడిందా, ఆ సేఫ్టీ వెనక్కి వెళ్లక తప్పదు. పడకపోతే ఆ ఎనిమిదోవాడు నాలుగు క్వార్టర్లూ అక్కడే తిష్ట వేస్తాడు. ఈ పని చేయించడానికి గొప్ప పాసర్ అక్కర్లేదు, శిక్షించగల పాసర్ చాలు.

నెబ్రాస్కా యూనివర్సిటీ జట్టునే చూడండి. 1995లో టామీ ఫ్రేజియర్ టచ్‌డౌన్ పాస్‌లు 17, ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్లు పట్టేసిన పాస్‌లు) 4. జట్టు 12-0, ఫీస్టా బౌల్‌లో (బౌల్ అంటే సీజన్ చివరి పెద్ద మ్యాచ్) ఫ్లోరిడా మీద 62-24. ఆ మ్యాచ్‌లో అతను 199 గజాలు పరుగెత్తాడు. 2001లో ఎరిక్ క్రౌచ్ 1,100కు పైగా గజాలు పరుగెత్తి హైస్‌మన్ ట్రోఫీ (ఏటా మేటి కాలేజీ ఆటగాడికిచ్చేది) గెలిచాడు గానీ అతని టచ్‌డౌన్ పాస్‌లు 7, ఇంటర్‌సెప్షన్లు 10. రోజ్ బౌల్‌లో మయామీ సగం ఆటకే 34-0 చేసింది, చివరికి 37-14. 1995 జట్టు లైన్ (ముందు వరసలో అడ్డుకునే లైన్‌మెన్), డిఫెన్స్ కూడా అసాధారణమైనవి కాబట్టి తేడా అంతా పాసింగ్ ఖాతాలో రాయలేం. కానీ 34 వెనకబడ్డాక పరుగుతోనే తిరిగి రావడం జరిగే పని కాదు.

అపోహ: పాసింగ్ రాదంటే అదొకటే జబ్బు, బాగా ప్రాక్టీస్ చేయిస్తే పోతుంది.

వాస్తవం: ఇందులో కనీసం మూడు రకాలున్నాయి, మూడింటికీ మందు వేరు.

మొదటిది చేతిలో వేగం లేకపోవడం. కాలేజీ మైదానంలో ఇది ప్రొఫెషనల్ ఆటలో కన్నా ఎక్కువ బయటపడుతుంది, కారణం హ్యాష్ మార్కులు (మైదానం పొడవునా రెండు వరసల గీతలు, ప్రతి ఆటకూ బంతి వీటి మధ్యే పెడతారు). మైదానం వెడల్పు 160 అడుగులు. కాలేజీలో రెండు హ్యాష్‌ల మధ్య 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్)లో 18 అడుగుల 6 అంగుళాలే. బంతి ఎడమ హ్యాష్ మీద ఉంటే కుడి సైడ్‌లైన్ 33 గజాల దూరం. క్వార్టర్‌బ్యాక్ 6 గజాలు వెనక నిలబడి, సైడ్‌లైన్‌కు 3 గజాలు ఇవతల ఉన్న రిసీవర్‌కు 12 గజాల అవుట్ రూట్ (ముందుకు పరుగెత్తి సైడ్‌లైన్ వైపు తిరిగే దారి) వేస్తే బంతి గాలిలో ప్రయాణించేది దాదాపు 35 గజాలు. అదే రూట్ ఇరుకు వైపు అయితే 25. స్కోరుబోర్డు మీద రెండూ 12 గజాలే. చేతి వేగం లేనివాడు వెడల్పు వైపు అవుట్ వేస్తే కార్నర్‌బ్యాక్ ముందుకు దూకి బంతి పట్టుకుని ఎదురులేకుండా టచ్‌డౌన్ దాకా పోతాడు. కాబట్టి ఆ రూట్‌ను ప్లాన్‌లోంచే కొట్టేయాలి. వెడల్పు వైపు బబుల్ స్క్రీన్ (లైన్ వెనకే అంచున అందించే చిన్న పాస్), పరుగు చాలు. అవుట్‌లు, ఫేడ్‌లు (సైడ్‌లైన్ వెంట ఎత్తుగా వేసే పాస్‌లు) ఇరుకు వైపే.

రెండోది గురి తప్పడం. ఎక్కువసార్లు తప్పు చేతిది కాదు, పాదాలది. పరుగెత్తడానికి అలవాటుపడినవాడు ముందు పాదం లక్ష్యం వైపు తిప్పకుండానే విసిరేస్తాడు, బంతి రిసీవర్ తల మీంచి పోతుంది. నడుము తిరిగేదాకా ఆగడం నేర్పాలి, అది ఆఫ్‌సీజన్ పని. సీజన్ మధ్యలో చేయగలిగింది పెద్ద సందులున్న రూట్‌లు ఎంచుకోవడమే: ప్లే-యాక్షన్ (బంతి బ్యాక్‌కు ఇచ్చినట్టు నటించడం) తర్వాత సీమ్, పోస్ట్, మైదానానికి అడ్డంగా పరుగెత్తే క్రాసర్. వీటిలో బంతి ఒక గజం అటూఇటూ పడినా రిసీవర్ సర్దుకోగలడు.

మూడోది చూపు: డిఫెన్స్‌ను చదవడం ఆలస్యమవడం. దీనికి స్ప్రింట్-అవుట్ మంచి మందు. క్వార్టర్‌బ్యాక్ ఒక పక్కకు పరుగెత్తుతాడు, మైదానం సగమైపోతుంది. ఆ పక్క రెండే రూట్‌లు: 5 గజాల ఫ్లాట్ (సైడ్‌లైన్ వైపు చిన్న దారి), దాని పైన 12 గజాల కార్నర్ రూట్ (మైదానం మూల వైపు తిరిగే దారి). ఫ్లాట్ డిఫెండర్ కిందికొస్తే పైకి వేయి, పైకి పోతే కిందికి వేయి, రెండూ మూసుకుపోతే పరుగెత్తు. కుడిచేతి వాటం వాణ్ని ఎడమకు పంపితే మాత్రం భుజాలు తిప్పుకోవడానికి సమయం పడుతుంది, సగం పాస్‌లు చెడతాయి. ఎడమకు బూట్‌లెగ్ (బంతి ఇచ్చినట్టు నటించి పక్కకు పరుగెత్తడం) కావాలనుకుంటే చిన్న రూట్‌లే పెట్టండి.

అపోహ: ఆర్‌పీఓ (రన్-పాస్ ఆప్షన్: పరుగా పాసా అన్నది ఆట మొదలయ్యాక డిఫెన్స్‌ను చూసి తేల్చుకోవడం) ఉంటే చాలు, ఎవరైనా పాసరే.

వాస్తవం: ఆర్‌పీఓ బలహీన పాసర్‌కు పెద్ద ఆసరానే. 2013లో ఆబర్న్, అలబామా మీద 28-21తో వెనకబడి ఉంది, ఇంకా 32 సెకన్లే మిగిలాయి. రన్నింగ్ బ్యాక్ ట్రే మేసన్ పరుగులతోనే అక్కడిదాకా వచ్చిన డ్రైవ్ అది. క్వార్టర్‌బ్యాక్ నిక్ మార్షల్ బంతి ఇచ్చినట్టు నటించి తనే ఎడమకు పరుగెత్తాడు. కార్నర్ అతని మీదికి వచ్చాడు. సరిగ్గా లైన్ దాటే ముందు మార్షల్ బంతిని రిసీవర్ శామీ కోట్స్‌కు వేశాడు, 39 గజాల టచ్‌డౌన్, 28-28. ఆ తర్వాత జరిగిన కిక్ సిక్స్ (అలబామా గురి తప్పి తన్నిన బంతిని ఆబర్న్ పట్టుకుని మైదానమంతా పరుగెత్తి గెలిచిన ఆట) అందరికీ గుర్తుంటుంది గానీ అంతకుముందు ఈ పాస్ లేకపోతే అదీ లేదు. కోట్స్ చుట్టుపక్కల ఎవరూ లేరు కనక ఆ పాస్‌కు గొప్ప చేయి అక్కర్లేదు. ఆ ఖాళీ తెచ్చింది మార్షల్ కాళ్లు.

కానీ షరతులున్నాయి. కాలేజీ నిబంధన ప్రకారం పాస్ చేతి నుంచి వదిలేసరికి లైన్‌మెన్ 3 గజాలు దాటకూడదు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. పరుగుకు అడ్డుకుంటున్న లైన్‌మన్ ఆ 3 గజాలు దాటడానికి ఎంతోసేపు పట్టదు. క్వార్టర్‌బ్యాక్ తటపటాయిస్తే 5 గజాల పెనాల్టీ, లేదా సాక్ (పాస్ వేయకముందే అతన్ని లైన్ వెనక పడేయడం). అందువల్ల ఆర్‌పీఓ చేతి బలహీనతను కప్పుతుంది గానీ చూపు నెమ్మదిగా ఉన్నవాణ్ని బయటపెడుతుంది. పైగా కార్నర్‌లు రిసీవర్లను మ్యాన్‌లో (ఒక్కొక్కరికి ఒక్కొక్కరుగా) గట్టిగా పట్టేస్తే చదవడానికి ఏమీ మిగలదు.

అపోహ: రషింగ్ (పరుగు) గజాలు తగ్గాయంటే అతని పరుగును ఆపేశారన్నట్టే.

వాస్తవం: కాలేజీ లెక్కల్లో సాక్‌లో పోయిన గజాలను క్వార్టర్‌బ్యాక్ పరుగు ఖాతాలోంచి తీసేస్తారు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్టు పాసింగ్ ఖాతాలోంచి. 2016లో హ్యూస్టన్ జట్టు క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్‌ను 11 సార్లు సాక్ చేసింది. ఆ మ్యాచ్ అతని రషింగ్ అంకె చూసి పరుగు గురించి తీర్పు చెప్పడం అన్యాయం. సాక్‌లు పక్కన పెట్టి మళ్లీ లెక్కేసుకోండి.

అపోహ: పాసింగ్ లోపం ఉంటే ప్రతి మ్యాచ్‌లోనూ అడ్డంకే.

వాస్తవం: సీజన్‌లో ఎక్కువ మ్యాచ్‌లలో అది కనబడదు. 2024లో ఆర్మీ (అమెరికా సైనిక అకాడమీ జట్టు) క్వార్టర్‌బ్యాక్ బ్రైసన్ డేలీ 32 రషింగ్ టచ్‌డౌన్లు కొట్టాడు, జట్టు 12-2తో ముగించి తమ కాన్ఫరెన్స్ (జట్ల కూటమి) టైటిల్ కూడా గెలిచింది. ఓడినవి నోటర్ డామ్ చేతిలో 49-14, నేవీ చేతిలో 31-13. నేవీ మీద అతని ఇంటర్‌సెప్షన్లు 3. నేవీ రోజూ అలాంటి ఆటనే ప్రాక్టీస్‌లో చూస్తుంది కాబట్టి దాని కిటుకులు దానికి తెలుసు. అదే ఏడాది అలబామా క్వార్టర్‌బ్యాక్ జేలెన్ మిల్రో 20 రషింగ్ టచ్‌డౌన్లు కొట్టినవాడే, ఓక్లహోమా మీద 3 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, ఫలితం 24-3తో ఓటమి.

లోపం బయటపడే చోట్లు రెండు: థర్డ్ డౌన్‌లో (10 గజాలు సాధించడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో) 7 గజాలకు మించి మిగిలినప్పుడు, రెండు స్కోర్లు వెనకబడినప్పుడు. 2023 నుంచి ఫస్ట్ డౌన్‌కు (ఆ 10 గజాలు సాధించినప్పుడు) గడియారం ఆగడం లేదు, ప్రతి సగంలో చివరి 2 నిమిషాలు తప్ప. పరుగుతోనే ఆడే జట్టుకు తిరిగి పుంజుకునే సమయం ఇంకా తగ్గింది. అందుకే ఇలాంటి జట్టు ఆట ఫస్ట్ డౌన్‌లోనే, అంటే మొదటి ప్రయత్నంలోనే తేలిపోతుంది. పాస్ వేయాలనుకుంటే ఫస్ట్ అండ్ 10లోనే (మొదటి ప్రయత్నం, 10 గజాలు మిగిలినప్పుడే) వేయాలి, అప్పుడు బాక్స్‌లో 8 మంది ఉంటారు, ఎవరూ పాస్ ఊహించరు. థర్డ్ అండ్ 9 దాకా ఆగితే అందరూ వెనకే నిలబడి ఉంటారు. అక్కడ క్వార్టర్‌బ్యాక్ డ్రా (పాస్ వేస్తున్నట్టు నటించి తనే పరుగెత్తడం) పిలవండి. గజాలు రాకపోతే పంట్ చేసి (బంతిని దూరంగా తన్ని ఎదుటివాళ్లకు ఇచ్చేసి) డిఫెన్స్‌ను పంపండి.