నోబెల్ రెండుసార్లు ఖాళీగా వదిలేసిన మూడో కుర్చీ

జన్యువుల నోరు మూయించే చిట్టి ముక్క మైక్రో ఆర్‌ఎన్‌ఏను కనుగొన్నందుకు 2024 వైద్య నోబెల్ విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు దక్కడంతో పాత ప్రశ్న మళ్లీ పైకొచ్చింది. మరి ఇలాంటి ముక్కలను మొక్కల్లో పట్టుకున్న శాస్త్రవేత్త డేవిడ్ బాల్కమ్ సంగతేంటి?

ఆ ఇద్దరూ దాన్ని నులిపురుగులో కనుగొన్న కథ ఇప్పటికే అందరూ రాశారు. అసలు మలుపు 1999లో, ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో వచ్చింది. టమాటాలో బయటి నుంచి ఒక జన్యువును చొప్పిస్తే, కొన్ని మొక్కల్లో అదీ, దాన్ని పోలిన సొంత జన్యువూ రెండూ మూగబోయేవి. అలా మూగబోయిన వాటిలోనే సుమారు 25 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ముక్కలు ఆండ్రూ హామిల్టన్, బాల్కమ్‌లకు కనిపించాయి. వైరస్ సోకిన వేరే మొక్కల్లోనూ ఇలాంటివే దొరికాయి. జన్యువు పంపే ఏ సందేశాన్ని నరకాలో చెప్పే చీటీలన్నమాట. (ఆర్‌ఎన్‌ఏలను సైజువారీగా విడదీసే మామూలు జెల్‌లలో ఇంత చిన్నవి కిందికి జారిపోయేవి. వెతికితేనే కదా దొరికేది!)

వైరస్ మీద పనిచేసే ఈ పద్ధతి వాతావరణం మీదా పనికొస్తుందని ఆ తర్వాత తేలింది. 2004లో రామాంజులు సుంకర్, జియాన్-కాంగ్ ఝూ ఆవాల కుటుంబానికి చెందిన అరబిడోప్సిస్ మొక్కలకు చలి, ఉప్పు, నీటి ఎద్దడి రుచి చూపించి, వాటిలోని చిన్న ఆర్‌ఎన్‌ఏలను పోగుచేశారు. రెండేళ్లకు 398 నంబరు మైక్రో ఆర్‌ఎన్‌ఏ గుట్టు బయటపడింది. మామూలు రోజుల్లో అది, కణాన్ని పాడుచేసే ఒక రకం ఆక్సిజన్‌ను విరిచే ఎంజైమ్‌ను అణిచి ఉంచుతుంది. వెలుతురు మితిమీరినా, రాగి ఎక్కువైనా అది తగ్గిపోతుంది, ఎంజైమ్ పెరుగుతుంది. 399ది ఇంకో దారి. నేలలో భాస్వరం తగ్గితే ఆకుల్లో పుట్టి, వేరుకు దిగి, అక్కడ భాస్వరం పీల్చడానికి అడ్డుగా ఉన్న జన్యువు నోరు మూయిస్తుంది. కాళ్లు లేని ప్రాణికి కబుర్లే ఆధారం.

మైక్రో ఆర్‌ఎన్‌ఏను మొదట, 1993లోనే, చూసింది పురుగులో అన్నది నోబెల్‌ను సమర్థించేవాళ్ల మాట. అది నిజమే. అందుకే నా లెక్కలో అన్యాయం 2024ది కాదు, 2006ది. ఆ ఏడాది ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్‌కు, అంటే ఆర్‌ఎన్‌ఏతో జన్యువును మూగబుచ్చే పద్ధతికి, ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లోలకు నోబెల్ ఇచ్చారు. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ జన్యువును ఆపుతుందని 1998లో వాళ్లు చూపించారు. ఆ పని చేసే చిన్న ముక్కలు మొదట దొరికింది మాత్రం నార్విచ్ మొక్కల్లో. ఒక నోబెల్‌ను ముగ్గురి దాకా పంచవచ్చు. అప్పుడూ ఇద్దరికే ఇచ్చారు, ఇప్పుడూ ఇద్దరికే.

2008లో అమెరికా వైద్య పరిశోధన పురస్కారం లాస్కర్ అవార్డు మాత్రం ముగ్గురికి వెళ్లింది: ఆంబ్రోస్, రవ్‌కున్, బాల్కమ్.