సీలు పలకకపోతే ఖర్చెవరిది?

విశాఖ కంటైనర్ టెర్మినల్ గేటు దగ్గర రొయ్యల రీఫర్ (శీతల కంటైనర్) ఒకటి ఆగిందంటే చాలు, ఎగుమతిదారుకూ కస్టమ్స్ బ్రోకరుకూ ట్రాన్స్‌పోర్టరుకూ మధ్య పాత పేచీ మళ్లీ లేస్తుంది. తలుపు మీది ఎలక్ట్రానిక్ సీలు, దాని నంబరు చదివే రీడరుకు పలకదు. తనిఖీ, కొత్త సీలు, ఓడ తప్పితే ప్లగ్గింగ్ చార్జీలు (ఆగినన్నాళ్లూ రీఫర్‌కు కరెంటిచ్చినందుకు): ఇవన్నీ ఎవరు కట్టాలి? సీలే నాసిరకం అంటారొకరు, వేసినవాళ్లకు చేతకాలేదంటారు మరొకరు.

ఈ తగువుకు బీజం 2017 జులై 1న పడింది. జీఎస్టీ మొదలైన రోజది. అదే తేదీతో కస్టమ్స్ బోర్డు 26/2017 సర్క్యులర్ ఇచ్చింది. అంతకుముందు ఫ్యాక్టరీలోనే కంటైనర్ నింపి సీలు వేయాలంటే మామూలుగా సెంట్రల్ ఎక్సైజ్ అధికారి రావాలి. ఆయన దగ్గరుండి సీలు వేయించి కాగితాల మీద సంతకం పెట్టేవారు. ఆఫీసు వేళ దాటితే ఓవర్‌టైం రుసుం. సరుకు సిద్ధమైనా ఆయన కోసం ఎదురుచూపులు. ఆ పద్ధతి పోయిందని భీమవరంలోనో కాకినాడలోనో ఎవరైనా బాధపడి ఉంటారనుకోలేం.

అయితే ఆయనతోపాటు సాక్షి కూడా పోయాడు. ‘నా ఎదుటే వేశారు’ అనే మనిషి ఉన్నంతకాలం సీలుకు గీత పడ్డా, నంబరు మాసినా సర్దుబాటుకు దారుండేది. ఇప్పుడు ఎగుమతిదారే సీలు కొనుక్కుని తనే వేసుకుంటారు. సాక్ష్యం చెప్పాల్సింది సీలులోని చిప్పు. అమలు గడువు సెప్టెంబరు నుంచి అక్టోబరుకు, అక్కణ్నుంచి నవంబరుకు జరిగింది తప్ప ఈ ఏర్పాటు మారలేదు.

ఆ సీలు గట్టిదే. బోల్టు ఐఎస్ఓ 17712 (కంటైనర్ సీళ్ల అంతర్జాతీయ ప్రమాణం) హై సెక్యూరిటీ తరగతిది. 10 కిలోన్యూటన్ల లాగుడుకు, అంటే దాదాపు టన్ను బరువుకు తట్టుకోవాలి. దానికున్న ట్యాగులో, అంటే చిప్పూ యాంటెనా ఉన్న భాగంలో, బ్యాటరీ ఉండదు. మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే రీడరు పంపిన శక్తితోనే మేల్కొని తన నంబరు చెబుతుంది.

మెలిక ఇక్కడుంది. సీలు కోస్తే తెలియాలి కాబట్టి, బోల్టు తెగగానే ట్యాగు సర్క్యూట్ కూడా తెగే నమూనాలు చేశారు. కోసిన సీలు మూగబోతుంది. గతుకుల్లో ప్లాస్టిక్ తొడుగు చిట్లి యాంటెనా ఊడిన సీలూ మూగబోతుంది. రెండుసార్లూ రీడరు తెర ఖాళీయే. కొన్ని సీళ్లు బోల్టు ‘టక్’మని కూర్చునేదాకా పలకవు. బాగున్న సీలు కూడా బోల్టు మీద తిరిగి, ట్యాగు ముఖం ఉక్కు తలుపు వైపు పడితే వినపడదు. రీఫర్ తలుపు అంచు చల్లన, బయట విశాఖ ఉక్కపోత. చెమర్చిన నీరు ట్యాగును కమ్మితే ఆ సిగ్నల్‌ను మింగేస్తుంది. గుడ్డతో తుడిచి, సీలు ఇటు తిప్పి, చేతి రీడరు పక్కనుంచి పెడితే అదే సీలు పలకొచ్చు. గేటుకు బిగించిన రీడరుకు అంత ఓపిక ఉండదు. పక్క లేనులోని ట్యాగులు, అద్దాల మీది ఫాస్టాగులు (వాటిదీ ఇదే బ్యాండు) వచ్చి పడకుండా దాని పవర్ తగ్గిస్తారు. బలహీనమైన సీలు ఆ తగ్గింపులోనే తప్పిపోతుంది.

కస్టమ్స్ వాదన ఒక్క ముక్క: సీలును కదిపితే తనిఖీ తప్పనిసరి, పలకనిదాన్ని కదపలేదని ఎలా నమ్మాలి?

ఎగుమతిదారుల గోడు ఇంకాస్త పెద్దది. మైనస్ 18 డిగ్రీల సరుకున్న తలుపు తీసి కార్టన్లు దించితే, చల్లటి డాకు లేనిచోట వేడిగాలి నేరుగా సరుకును తాకుతుంది. మళ్లీ సీలు వేస్తే నంబరు మారుతుంది, షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) వివరాలు దిద్దాలి. యూరప్ సరుకైతే ఆరోగ్య ధ్రువపత్రంలోనూ సీలు నంబరుంటుంది, దాన్నీ మార్పించుకోవాలి. ఈలోగా ఓడకు కంటైనర్ అప్పగించే గడువు (కటాఫ్) దాటిపోతుంది. తనిఖీలో తప్పేమీ దొరక్కపోయినా ఆ భారం వాళ్లదే. పాడైన సీలుకు బదులు అమ్మినవాళ్లు ఇంకో సీలిచ్చినా, తప్పిపోయిన ఓడ తిరిగి రాదు కదా.

అలాగని ఆగిన ప్రతి ట్రైలరూ చిప్పు బాధితురాలు కాదు. సీలు నంబరుతోపాటు షిప్పింగ్ బిల్లు నంబరు, సీలు వేసిన తేదీ, సమయం, కంటైనర్ నంబరు, ట్రైలర్ నంబరు కూడా ఎగుమతిదారే నమోదు చేయాలి. దారిలో యాక్సిల్ విరిగి కంటైనర్‌ను ఇంకో ట్రైలర్‌కు మార్చారనుకోండి, కంప్యూటర్లో పాత బండి నంబరే ఉంటుంది. సీలు చక్కగా పలుకుతుంది, లెక్క కుదరదు. ఇది కాగితం తప్పు. పేచీలో మాత్రం దీన్నీ ‘సీలు ప్రాబ్లం’ ఖాతాలోనే వేస్తారు.

బోల్టు బిగించాక చేతి రీడరుతో ఎదురుగా, రెండు పక్కల నుంచి చదివి, సీలు నంబరూ సమయమూ కనపడేలా ఫొటో తీసి పెట్టుకుంటే ‘ఫ్యాక్టరీలో పలికింది’ అనడానికి ఆధారం ఉంటుంది. అప్పుడు వేలు ట్రాన్స్‌పోర్టరు వైపు తిరుగుతుంది. తాళాలు తీసుకునే ముందు ‘నా ఎదుట ఇంకోసారి చదవండి’ అని డ్రైవరు అడిగితే కాదనడానికి లేదు.