పన్నెండు గూడేలు, ఒక పట్టా

ట్యాంక్‌బండ్ మీద గోండు పోరాట వీరుడు కుమురం భీమ్ విగ్రహం ఉంది. బంజారాహిల్స్‌లో 2022 సెప్టెంబర్ 17న తెరిచిన ఆదివాసీ భవన్‌కూ ఆయన పేరే పెట్టారు. 'జల్, జంగల్, జమీన్' నినాదం హైదరాబాద్‌లో బడిపిల్లలకు కూడా వచ్చు. కానీ భీమ్ నిజాం సర్కారును అడిగింది ఇంతకన్నా కొలిచి చూపగలిగేది: ఆసిఫాబాద్ అడవుల్లో జోడేఘాట్ చుట్టూ ఉన్న పన్నెండు గూడేల భూమికి పట్టాలు, అందులో అటవీ శాఖ చెయ్యి పెట్టకుండా ఉండటం. ఇవాళ్టి పోడు (అడవి నేలలో చేసే సాగు) తగాదా అక్కడిదే.

ఆ గూడేలకు పట్టా ఎందుకు లేకపోయింది? గోండులు గట్ల మీది తేలిక నేలను రెండు మూడేళ్లు దున్ని, సారం తగ్గగానే బీడు పెట్టి పక్క చెలకకు మారేవారు. కొన్నేళ్లకు మళ్లీ పాత చెలకకే వచ్చేవారు. కొలాములు ఏటవాలు నేలల్లో చెట్టు నరికి, కాల్చి, నాగలి లేకుండానే విత్తేవారు. రెవెన్యూ దఫ్తరులో ఇలాంటి సాగును 'శివాయి జమాబంది' కింద రాసేవారు. ఏ ఏటి శిస్తు ఆ ఏడు వసూలవుతుంది తప్ప నేల మీద హక్కు పుట్టదు. తర్వాత రిజర్వు అడవికి హద్దులు గీసినప్పుడు, బీడు పెట్టిన చెలక కొలిచేవాళ్ల కంటికి చిట్టడవిగా కనబడి రిజర్వులో కలిసిపోయింది. నిన్న శిస్తు కట్టి దున్నిన నేలే ఇవాళ దున్నితే నేరం. పైగా పశువుల మేతకు, కట్టెపుల్లకు పన్నులు.

మైదానం కథ వేరు. రోడ్లు పడ్డాక నల్లరేగడి కోసం బయటి రైతులు, వ్యాపారులు వచ్చారు. దఫ్తరు ఉర్దూలో ఉండేది, పట్వారీ వాళ్లకు చేరువ. గోండీ తప్ప రాని రైతు ఏళ్ల తరబడి దున్నిన భూమికి పట్టా ఇంకొకరి పేరున వచ్చేది. ఈ రెండు నష్టాలను విడివిడిగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత వచ్చిన చట్టాలు రెండోదాన్నే ముందు పట్టించుకున్నాయి.

భీమ్ రెండింటినీ చూశాడు. పుట్టింది ఆసిఫాబాద్ దగ్గరి సంకేపల్లిలో. తండ్రి పోయాక కుటుంబం సుర్దాపూర్‌కు వచ్చి సాగు చేసుకుంటుంటే, సిద్దిఖ్ అనే అతను ఆ భూమి తనదంటూ పంట మీదికి వచ్చాడు. గొడవలో భీమ్ చేతిలో చనిపోయాడు. భీమ్ బల్లార్షా, చాందాల మీదుగా అస్సాం తేయాకు తోటల దాకా పోయి, కొన్నేళ్లకు చదవడం, రాయడం నేర్చుకుని తిరిగొచ్చాడు. కాకన్‌ఘాట్‌లో లచ్చు పటేల్ దగ్గర పనికి కుదిరి ఆయన భూమి వ్యవహారాన్ని చక్కబెట్టడంతో పేరొచ్చింది. తుపాకీ కన్నా ముందు ఆయన పట్టింది అర్జీనే. జోడేఘాట్, బాబేఝరి గూడేలను ఖాళీ చేయించడం మొదలయ్యాక హైదరాబాద్ వచ్చాడు. నిజాం దర్శనం దొరకలేదు. సాయుధంగా నిలబడ్డ గూడేల మీదికి 1940లో పోలీసులు వచ్చారు, జోడేఘాట్ కాల్పుల్లో భీమ్, ఆయన సహచరులు చనిపోయారు. ఆదివాసీలు ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు వర్ధంతి జరుపుతారు.

ఈ తిరుగుబాటు కారణాలు తెలుసుకోవడానికి సర్కారు ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ సాయం తీసుకుంది. గుడిసెలు తగలబెట్టడం, కిందిస్థాయి సిబ్బంది లంచాలు ఆయన రాతల్లో ఉన్నాయి. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. వేల కుటుంబాలకు లావణి పట్టాలు (సర్కారు భూమిని సాగుకు రాసిచ్చేవి) అందాయి. 1356 ఫస్లీలో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్, 1359 ఫస్లీలో దాని స్థానంలో మరొకటి వచ్చాయి (ఫస్లీ అంటే నిజాం రెవెన్యూ లెక్కల ఏడాది, దానికి 590 కలిపితే 1946, 1949).

రాష్ట్రం మారాక 1959 నాటి 1వ నంబరు భూ బదలాయింపు రెగ్యులేషన్‌ను 1963 డిసెంబర్ 1 నుంచి తెలంగాణకు వర్తింపజేశారు. 1970లో దాన్ని సవరించారు, అందరూ 1/70 అనేది దీన్నే. ఏజెన్సీలో, అంటే షెడ్యూల్డ్ గిరిజన ప్రాంతంలో, భూమి గిరిజనేతరుడికి అమ్మితే చెల్లదు, అమ్మింది గిరిజనేతరుడైనా సరే. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది అనుభవిస్తున్నవాడే. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఇంకో అడుగు వేసి, గిరిజనేతరులకు ప్రభుత్వం ఇచ్చే గనుల లీజులు కూడా చెల్లవంది. కాయితం మీద ఇంత గట్టి చట్టం అరుదు. నేల మీద మాత్రం బినామీ పేర్లు, నోటిమాట కౌళ్లు, అప్పు కింద పంట జమ కట్టుకోవడం దాన్ని గుల్ల చేశాయి. కేసు గెలిచినా హైకోర్టు స్టేతో ఏళ్లు గడుస్తాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులు జరిగిన ఆదివాసీల సభ వెనకా ఈ భూమి గొడవే ఉంది.

అయితే 1/70 కాపాడేది చేతులు మారే భూమిని. అటవీ శాఖ రిజర్వు అన్న భూమికి అది జవాబు చెప్పదు. లావణి పట్టాలు కొంత తీర్చినా, భీమ్ అడిగిన ప్రశ్న 2006 అటవీ హక్కుల చట్టం దాకా ఆగింది. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్న ఆదివాసీకి, సాగులో ఉన్నంత మేరకు, నాలుగు హెక్టార్లు మించకుండా హక్కు పత్రం ఇస్తారు. దంపతులిద్దరి పేరునా ఉంటుంది. వారసులకు పోతుంది, అమ్మడానికి లేదు. దరఖాస్తు గ్రామసభ నుంచి డివిజన్ కమిటీకి, అక్కణ్ణుంచి జిల్లా కమిటీకి వెళ్తుంది. ఒకటికి మించి ఆధారాలు కావాలి. పెద్దల వాంగ్మూలం చెల్లుతుంది. అడవిలో దున్నినందుకు కట్టిన పాత జరిమానా రశీదు కూడా పనికొస్తుంది: అప్పట్లో నేరానికి సాక్ష్యం, ఇప్పుడు హక్కుకు.

చిక్కు ఉపగ్రహ చిత్రంతో వస్తుంది. బీడులో ఉన్న పోడు పై నుంచి చూస్తే అడవిలాగే ఉంటుంది, హద్దులు గీసిన నాటి పొరపాటే మళ్లీ జరుగుతుంది. చిత్రం ఒక్కదాన్నే పట్టుకుని కొట్టేయడానికి వీల్లేదు. కొట్టేస్తే కారణం రాసివ్వాలి, గ్రామసభ నిర్ణయం మీద డివిజన్ కమిటీకి 60 రోజుల్లో వెళ్లవచ్చు. రాతపూర్వకంగా చెప్పనప్పుడు ఆ 60 రోజులు ఎప్పుడు మొదలయ్యాయో రైతుకే తెలియదు.

2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలైన పోడు పట్టాల పంపిణీలో లక్షన్నర మందికి 4.06 లక్షల ఎకరాలని ప్రభుత్వం లెక్క చెప్పింది. రెండేళ్లు తిరక్కుండానే, 2025 మేలో, అదే జిల్లాలో దాదాపు 1.49 లక్షల హెక్టార్లను పులుల కారిడార్ కోసం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ హైదరాబాద్ నుంచి 49వ నంబరు జీవో వెళ్లింది. దానికి పెట్టిన పేరు కుమురం భీమ్‌దే. ఆదివాసీ సంఘాలు బంద్‌కు దిగాక జూలైలో దాన్ని నిలిపివేశారు, అప్పుడు రద్దు మాత్రం చేయలేదు.