తొలి పరీక్షల జాబితా ఎందుకు చిన్నదైంది

సంతానం కోసం ఎదురుచూస్తున్న దంపతులకు తొలి విడతలో ఏయే పరీక్షలు చేయాలన్న వివాదం మళ్లీ రాజుకుంది. ఒక్క రక్తనమూనాతో పదుల సంఖ్యలో అంశాలను తేల్చేస్తామంటూ ప్రయోగశాలలూ, ఇంటికే కిట్లు పంపే సంస్థలూ ప్యాకేజీలు అమ్ముతుండగా, వైద్య సంఘాల మార్గదర్శకాలు మాత్రం ఆ జాబితాను ఏళ్ల తరబడి కుదిస్తూ వస్తున్నాయి. విజ్ఞానం పెరిగేకొద్దీ పరీక్షలు పెరగాలి గానీ తగ్గడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. దీనికి జవాబు చెప్పడానికి 1677లో లీవెన్‌హుక్ వీర్యకణాలను చూడటం దగ్గర నుంచో, 1978లో తొలి టెస్ట్ ట్యూబ్ శిశువు పుట్టడం దగ్గర నుంచో మొదలుపెట్టనవసరం లేదు. ఆ కథలు చాలాసార్లు చెప్పుకున్నవే. అసలు మలుపు 1998లో నెదర్లాండ్స్ వైద్యులు ప్రచురించిన ఒక అధ్యయనం దగ్గర ఉంది.

ఆ అధ్యయనం పరిశీలించినది సంభోగానంతర పరీక్షను. అమెరికా వైద్యుడు మారియన్ సిమ్స్ 1866లో వర్ణించగా, మాక్స్ హ్యూనర్ 1913లో ప్రచారంలోకి తెచ్చిన ఈ పరీక్ష 20వ శతాబ్దంలో చాలాకాలం సంతానలేమి నిర్ధారణలో తప్పనిసరి అంశంగా ఉండేది. అండం విడుదలయ్యే రోజును అంచనా వేసి, ఫలానా రాత్రి కలవాలని డాక్టరు దంపతులకు చెప్పేవారు. ఆ తర్వాత కొన్ని గంటల్లోగా భార్య ఆసుపత్రికి వస్తే, గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురు ద్రవాన్ని తీసి, అందులో ఎన్ని వీర్యకణాలు చురుగ్గా కదులుతున్నాయో సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టేవారు. ఇద్దరినీ ఒకేసారి పరీక్షించినట్టవుతుందన్నది దీనికున్న ఆకర్షణ. తేదీ ప్రకారం దాంపత్యం నడపమనడంలోని ఇబ్బందిని దంపతులు భరించారే తప్ప, దానివల్ల ఒరిగేదేమిటని అడిగే చనువు వారికి ఉండేది కాదు. రోజు అంచనా ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా ఫలితం చెడుగా వచ్చేది. ఎన్ని కణాలు కదిలితే మంచి ఫలితం అనుకోవాలన్న విషయంలోనూ ప్రయోగశాలల మధ్య ఏకాభిప్రాయం లేదు.

నెదర్లాండ్స్ వైద్యులు చేసింది చూడటానికి సాదాసీదా పని. 444 జంటలను యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి మిగతా పరీక్షలతోపాటు ఈ పరీక్ష కూడా చేశారు, రెండో వర్గానికి చేయలేదు. పరీక్ష జరిగిన వర్గంలో 54 శాతం మందికి చికిత్స అందగా, జరగని వర్గంలో అది 41 శాతమే. పరీక్ష చెడుగా వస్తే మరో పరీక్ష, ఆపై ఒక చికిత్స అన్న గొలుసు అక్కడ స్పష్టంగా కనిపించింది. అయితే రెండేళ్లు గడిచేసరికి గర్భం దాల్చినవారు మొదటి వర్గంలో 49 శాతం, రెండో వర్గంలో 48 శాతం. అంటే పరీక్ష వల్ల ఆసుపత్రి పని పెరిగింది గానీ గర్భాలు పెరగలేదు.

ఒక పాత పరీక్ష మూలపడటం ఇందులో చిన్న సంగతి. అంతవరకూ ఒక పరీక్షను సమర్థించడానికి అది శరీరం గురించి ఏదో ఒకటి చెబుతోందని చూపిస్తే సరిపోయేది. ఆ తర్వాత, అది చెప్పినదాని వల్ల దంపతులకు దక్కే ఫలితం మారుతోందా అన్న ప్రశ్నకు కూడా జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ఈనాడు ప్యాకేజీలు అమ్మేవారు మొదటి ప్రశ్నకు జవాబిస్తున్నారు, మార్గదర్శకాలు రాసేవారు రెండో ప్రశ్న వేస్తున్నారు. ఇద్దరి మాటలూ ఒకదానికొకటి తగలకపోవడానికి కారణం ఇదే.

రెండో ప్రశ్నకు నిలవలేక రాలిపోయినవి ఇంకా ఉన్నాయి. 2004లో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ, గర్భం వచ్చే అవకాశాన్ని అంచనా వేయలేదన్న కారణంతో సంభోగానంతర పరీక్షను మామూలుగా చేయవద్దని మార్గదర్శకాల్లో రాసింది. అదే ఏడాది, గర్భాశయ లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరిశీలించే పరీక్ష వంతు వచ్చింది. 1950లో నోయిస్, హెర్టిగ్, రాక్ రూపొందించిన కొలమానం ఆధారంగా దశాబ్దాలపాటు సాగిన ఆ బయాప్సీ, సంతానం కలిగిన స్త్రీలను కలగనివారి నుంచి వేరుచేసి చూపలేదని తేలింది. ఎంతమంది స్త్రీలు ఆ నొప్పిని ఊరికే భరించారో లెక్క కట్టినవారు లేరు. 2013లో అమెరికా పునరుత్పత్తి వైద్య సంఘం తాను వద్దన్న వాటిలో కారణం తెలియని సంతానలేమికి మామూలుగా చేసే లాపరోస్కోపీని (కడుపులోకి చిన్న కోత ద్వారా గొట్టం పంపి చూసే పరీక్షను), రోగనిరోధక పరీక్షలను కూడా చేర్చింది.

ఇన్ని పోగా తొలి విడతలో మిగిలినవి కొద్దిపాటివే. ఏడాదిపాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే, స్త్రీ వయసు 35 దాటితే ఆరు నెలలకే, 40 దాటితే ఆలస్యం చేయకుండా దంపతులిద్దరూ కలిసి డాక్టరును కలవాలి. నెలసరి సక్రమంగా లేకపోయినా, కటి భాగంలో ఇన్ఫెక్షన్ లేదా శస్త్రచికిత్స గతంలో జరిగి ఉన్నా ఈ గడువు వర్తించదు. మొదటి సందర్శనలో ఎక్కువ సమయం ప్రశ్నలకే పోతుంది: నెలసరి తీరు, పాత జబ్బులు, వాడుతున్న మందులు, పొగ, మద్యం, కలయికలో ఇబ్బందులు. భర్తను అడిగే ప్రశ్నల్లో కండలు పెంచడానికి హార్మోన్లు వాడారా అన్నది తప్పక ఉండాలి, ఎందుకంటే బయటి నుంచి తీసుకునే టెస్టోస్టెరాన్ వీర్యకణాల ఉత్పత్తిని దాదాపుగా ఆపేయగలదు. అండం విడుదలవుతోందో లేదో తెలుసుకోవడానికి, వచ్చే నెలసరికి సుమారు వారం ముందు ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పరీక్ష చేస్తారు. 28 రోజుల చక్రంలో అది 21వ రోజు. నెలసరి క్రమం తప్పేవారికి థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్ పరీక్షలు చేస్తారు. ఇవికాక గర్భాశయాన్నీ అండాశయాలనూ చూడటానికి లోపలి స్కాన్, అండం గర్భాశయానికి చేరే ఫాలోపియన్ నాళాలు తెరుచుకుని ఉన్నాయో లేదో ద్రవం ఎక్కించి చూసే హెచ్‌ఎస్‌జీ ఎక్స్‌రే ఉంటాయి. ఈ చివరిది నెలసరి ఆగాక, అండం విడుదల కాకముందు చేస్తారు. కాసేపు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి రావడం మామూలే. పరీక్ష కూడా చికిత్స కాగలదని చూపిన అరుదైన ఉదాహరణ ఇక్కడే ఉంది: 2017లో 1,119 మంది స్త్రీలపై నెదర్లాండ్స్‌లోనే జరిగిన అధ్యయనంలో, హెచ్‌ఎస్‌జీకి నూనె ఆధారిత ద్రవం వాడినవారిలో 39.7 శాతం మందికి, నీటి ఆధారిత ద్రవం వాడినవారిలో 29.1 శాతం మందికి ఆరు నెలల్లో గర్భం నిలిచింది.

భర్త వైపు మిగిలింది వీర్య పరీక్ష. ఇది అన్నిటికంటే సులువైనది, కోత లేనిది. అయినా అన్నిటికంటే ఎక్కువగా వాయిదా పడేదీ, అపార్థానికి గురయ్యేదీ ఇదే. రెండు నుంచి ఏడు రోజుల విరామం తర్వాత నమూనా ఇవ్వాలి. ఇంటి దగ్గర సేకరిస్తే శరీరపు వేడి తగ్గకుండా గంటలోపు చేర్చాలి. తేడా కనిపిస్తే మళ్లీ చేయాలి. వీర్యకణం తయారు కావడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది గనుక, మధ్యలో వచ్చిన జ్వరం కూడా ఫలితాన్ని దిగజార్చగలదు. ఒక్క నివేదికతో తీర్పు చెప్పకూడదు.

నివేదికలోని అంకెకు కూడా చరిత్ర ఉంది. 1929లో మకోంబర్, సాండర్స్ అనే వైద్యులు మిల్లీలీటరుకు 6 కోట్ల కణాలు ఉండాలన్నారు. 1951లో మెక్లౌడ్, గోల్డ్ సంతానం కలిగినవారినీ, సంతానం లేని దంపతుల్లోని పురుషులనూ వెయ్యేసి మందిని పోల్చి చూశాక 2 కోట్ల గీత స్థిరపడింది. కానీ ఆ లెక్కల్లోనే, తండ్రులైనవారిలో 5 శాతం మంది ఆ గీతకు దిగువన ఉన్నారు, సంతానం లేనివారిలో దిగువన ఉన్నది 16 శాతమే. అంటే సంతానం లేనివారిలో అత్యధికులు గీతకు పైనే ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో గీతను 1.5 కోట్లకు, 2021లో 1.6 కోట్లకు మార్చింది. పురుషుల సామర్థ్యం తగ్గింది కాబట్టి ప్రమాణం తగ్గించారని అనుకునేవారున్నారు గానీ, 2010లో మారింది కొలిచే పద్ధతి: భార్య ఏడాదిలోపు గర్భం దాల్చిన పురుషులను తీసుకుని, వారిలో అట్టడుగు 5 శాతం ఎక్కడ ముగుస్తుందో అక్కడ గీత గీశారు. ఆ గీత కింద ఉన్నవారు కూడా తండ్రులే అన్న సంగతి నివేదిక అందుకున్న మనిషికి ఎవరూ చెప్పరు.

1992 ఈ కథలో వేరే దారి పట్టిన సంవత్సరం. ఒకే ఒక వీర్యకణాన్ని అండంలోకి సూదితో ఎక్కించే ఇక్సీ పద్ధతి ఫలించినట్టు బ్రస్సెల్స్ వైద్యులు ఆ ఏడాది ప్రకటించారు. ఎందరో పురుషులకు అది నిజమైన వరమే. అయితే ఒక్క కణం చాలన్నప్పుడు, మిగతావి ఎందుకు తగ్గాయని వెతికే ఆసక్తి సన్నగిల్లింది. పురుషుడి సమస్యకు చికిత్స స్త్రీ శరీరం మీద జరగడం మామూలైపోయింది. అమెరికా జాతీయ సర్వేల ఆధారంగా 2013లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, సంతానలేమికి వైద్యం కోరిన దంపతుల్లో 18 నుంచి 27 శాతం మంది విషయంలో భర్తకు పరీక్షలే జరగలేదు. సగానికి దగ్గరగా ఉన్న జంటల్లో కారణమంతా గానీ, కొంత గానీ పురుషుడి వైపే ఉంటుందని తెలిసి కూడా ఇలా జరిగింది. కణాలు బాగా తక్కువగా ఉండటం వెనుక హార్మోన్ లోపమో, జన్యు సమస్యో, అరుదుగా వృషణాల కణితో ఉండవచ్చు. ఇద్దరినీ ఒకేసారి పరీక్షించడం మొదలుపెట్టాలని 2020లో అమెరికా యూరాలజీ సంఘం, పునరుత్పత్తి వైద్య సంఘం కలిసి రాయవలసి వచ్చిందంటే, అంతకుముందు ఆచరణ ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

ప్రస్తుత వివాదానికి కేంద్రమైన ఏఎంహెచ్ పరీక్షకు 1998 నాటి ప్రశ్న ఇంకా గట్టిగా వర్తిస్తుంది. అండాశయంలో అండాలు పెరిగే చిన్న సంచులు (ఫాలికల్స్) విడుదల చేసే ఈ హార్మోన్, ఐవీఎఫ్ (టెస్ట్ ట్యూబ్) చికిత్సలో సూదులు వేస్తే ఎన్ని అండాలు రావచ్చో అంచనా వేయడానికి బాగా పనికివస్తుంది. మందు మోతాదు నిర్ణయించే డాక్టరుకు అది కావలసిన సమాచారమే. అయితే సహజంగా గర్భం వస్తుందా రాదా అన్నది వేరే ప్రశ్న. సంతానలేమి చరిత్ర లేని, 30 నుంచి 44 ఏళ్ల వయసున్న 750 మంది స్త్రీలను అనుసరించి 2017లో వెలువడిన అధ్యయనంలో, ఆరు నెలసరి చక్రాల్లో గర్భం వచ్చే అవకాశం ఏఎంహెచ్ తక్కువగా ఉన్నవారిలో 65 శాతం, మామూలుగా ఉన్నవారిలో 62 శాతంగా కనిపించింది. సంతానలేమి లేని స్త్రీలకు ఈ అంకె చూపి భవిష్యత్తు చెప్పవద్దని 2019లో అమెరికా ప్రసూతి వైద్యుల కళాశాల సూచించింది. తన శరీరం గురించి తెలుసుకునే హక్కు స్త్రీకి ఉందని అమ్మకందారులు అంటున్నారు. హక్కును ఎవరూ కాదనడం లేదు. ఆ అంకె చెప్పనిదాన్ని చెప్పినట్టు చూపించడం మీదే అభ్యంతరం.

పెద్ద జాబితాను సమర్థించేవారి వాదనల్లో అన్నిటికంటే బరువైనది కాలానికి సంబంధించినది. చిన్న జాబితా పూర్తయ్యాక కూడా కారణం తెలియని జంటలు చాలామంది మిగులుతారు, వారిని ఇంకా లోతుగా పరీక్షించకుండా ఆగమనడం అన్యాయమన్నది వారి మాట. దీనికీ ఒక జవాబు నెదర్లాండ్స్ నుంచే వచ్చింది. 2006లో ప్రచురితమైన అధ్యయనంలో, కారణం తెలియని 253 జంటల్లో సగం మందికి మందులతో కలిపి ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి ఎక్కించే చికిత్స) చేశారు, మిగతా సగాన్ని ఆరు నెలలు సహజంగా ప్రయత్నించమన్నారు. గర్భం నిలిచినవారు చికిత్స పొందినవారిలో 23 శాతం, ఆగినవారిలో 27 శాతం. కానీ ఆ జంటలు గర్భం వచ్చే అవకాశం ఓ మాదిరిగా ఉందని లెక్కగట్టి ఎంచుకున్నవారు. 39 ఏళ్ల స్త్రీకి ఇదే మాట చెప్పి ఆరు నెలలు ఆగమనడానికి ఆ అంకెలు చాలవు. 2023లో యూరప్ పునరుత్పత్తి వైద్య సంఘం విడుదల చేసిన మార్గదర్శకాలు, వీర్య పరీక్ష మామూలుగా ఉన్నప్పుడు వీర్యకణాల్లోని డీఎన్‌ఏ ఎంత తెగిపోయిందో చూసే విచ్ఛిన్నత పరీక్ష కూడా అక్కర్లేదంటూ జాబితాను చిన్నగానే ఉంచాయి. ప్యాకేజీల్లో మాత్రం ఆ పరీక్ష ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది.